పాత మాడ్యూల్‌ను ఎబెరాన్‌లోకి తేవాలంటే: ఏది ఎంచుకోవాలి, ఎంతవరకు మార్చాలి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట కోసం టీఎస్‌ఆర్ సంస్థ 1978కీ 1983కీ మధ్య అచ్చువేసిన మాడ్యూళ్లను (సిద్ధంగా రాసిపెట్టిన సాహసకథలను) తమ సొంత సెట్టింగ్‌లోకి, అంటే తాము ఆడించే కల్పిత ప్రపంచంలోకి, తెచ్చుకోవాలని చాలామంది డీఎంలు (ఆటను నడిపించేవారు) ఉత్సాహంగా మొదలుపెడతారు. మూడో సెషన్ దాటేసరికి ఆట ఎక్కడో పట్టు తప్పినట్టు వారికే తోస్తుంది. ఊరి పేరు మార్చారు, దేవుడి పేరు మార్చారు, రాజు పేరు మార్చారు, అయినా కథ ఆ నేలలో వేళ్లూనుకోలేదు. పేర్లు మార్చడం ఒక సాయంత్రపు పని మాత్రమే. మాడ్యూల్‌ను నిలబెట్టే దూలం వేరే చోట ఉంటుంది. అక్కడ ఎవరు ఎవరికి భయపడుతున్నారు, ఎవరి డబ్బు ఎవరి చేతికి పోతోంది, ఆటగాళ్లు ఏ విషయం తెలుసుకోవాలని ముందుకు నడుస్తారు అన్న మూడు ప్రశ్నలకు మాడ్యూల్ ఇచ్చే జవాబులే ఆ దూలం. ఆ జవాబులు కొత్త సెట్టింగ్‌లో కూడా నిజంగా నిలుస్తాయా లేదా అన్నది చూసి మాడ్యూల్‌ను ఎంచుకోవాలని నా అభిప్రాయం.

దీన్ని గాలిలో చెప్పకుండా, నేను ఎక్కువ కాలం ఆడించిన ఎబెరాన్ అనే సెట్టింగ్‌నే గమ్యంగా పెట్టుకొని కొన్ని ప్రసిద్ధ మాడ్యూళ్లను పోల్చి చూస్తాను. ఇది డీఎంల కోసం రాస్తున్నది, రహస్యాలన్నీ బయటపడతాయి కనుక ఈ మాడ్యూళ్లను ఆటగాళ్లుగా ఆడాలనుకునేవారు ఇక్కడే ఆగడం మంచిది. నా ఎంపిక ముందే చెబుతున్నాను. కొత్తగా మొదలుపెట్టే బృందానికి బీ2 అనే సంకేతంతో అచ్చయిన ‘ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్’, మాటలతో, విచారణతో నడిచే ఆట ఇష్టపడే బృందానికి యూ1తో మొదలయ్యే సాల్ట్‌మార్ష్ వరుస. మిగతావాటికి ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఎబెరాన్ ఎక్కడ అడ్డుపడుతుంది

కీత్ బేకర్ ఊహించిన ఈ ప్రపంచం 2004లో పుస్తకంగా వచ్చింది. పాత మాడ్యూళ్లు ఎక్కువగా గ్రేహాక్ అనే పాత ఆట ప్రపంచాన్ని గానీ, తరువాత మిస్టారాగా పేరుపడిన ‘నోన్ వరల్డ్’ను గానీ మనసులో పెట్టుకొని రాసినవి. అక్కడ గాబ్లిన్ అంటే దుష్టుడు, ఆర్క్ అంటే శత్రువు, మంత్రవిద్య అరుదు, దేవతలు ఉన్నారన్నది నిస్సందేహం. ఎబెరాన్‌లో ఈ నాలుగూ చెల్లవు. పుట్టిన జాతి మనిషి గుణాన్ని నిర్ణయించదు. గాబ్లిన్‌లు షార్న్ నగర వీధుల్లో బతికే పౌరులు, పైగా వారికి దర్గూన్ అనే సొంత దేశమే ఉంది. మంత్రం రైళ్లనూ దీపాలనూ నడిపే పరిశ్రమ అయింది. దేవతలు ఎవరికీ ఎదుటపడరు. వీటన్నిటి మీదా వందేళ్లకు పైగా సాగిన ‘చివరి యుద్ధం’ నీడ పడి ఉంటుంది. అది అక్కడి లెక్కలో 996లో థ్రోన్‌హోల్డ్ సంధితో ముగిసింది, పుస్తకం మనకు అప్పగించే కాలం 998. అంటే మన కథలో నడివయసు దాటిన ప్రతి మనిషీ ఆ యుద్ధంలో ఏదో ఒక పక్షాన నిలిచినవాడే.

ఈ నాలుగింటిలో దేనితో మాడ్యూల్ గట్టిగా ఢీకొంటుందో ముందే గుర్తిస్తే సగం పని అయినట్టే. ఢీకొన్న చోటల్లా మార్చి తీరాలని మాత్రం నేను అనను. కొన్ని చోట్ల ఆ ఘర్షణ నుంచే మూలంలో లేని మంచి కథ పుడుతుంది.

బీ2: సరిహద్దు కోట

గారీ గైగాక్స్ రాసిన ఈ మాడ్యూల్ 1979లో వచ్చింది. మొదటి స్థాయి పాత్రలు ఆరు నుంచి తొమ్మిది ఉంటాయని అనుకొని రాసినది. ఒక కోట, దాని చుట్టూ అడవి, కాస్త దూరంలో ‘కేవ్స్ ఆఫ్ కేయాస్’ అనే లోయ, ఇంతే దాని భూగోళం. లోయలోని పదకొండు గుహల్లో కోబోల్డ్‌లు, రెండు ఆర్క్ తెగలు, గాబ్లిన్‌లు, హాబ్‌గాబ్లిన్‌లు, బగ్‌బేర్‌లు, నోల్‌లు, ఒక ఓగర్, ఒక మినోటార్ పక్కపక్కనే కాపురం ఉంటారు. చివరి గుహలో ఒక చీకటి ఆలయం ఉంటుంది. కోటలో ఉన్నవారికి హోదాలే తప్ప పేర్లు ఇవ్వలేదు. దుర్గపాలకుడు, పూజారి, కాపలా అధికారి అని మాత్రమే ఉంటుంది. ఇతర సెట్టింగ్‌కు మార్చుకొనేవారికి ఇంతకంటే అనుకూలం ఏముంటుంది? తుడిచివేయవలసిన పేర్లే లేవు.

ఇన్ని జాతులు ఒకే లోయలో ఎందుకున్నాయన్నది బీ2 మీద ఎప్పటి నుంచో ఉన్న ఫిర్యాదు. గ్రేహాక్‌లో దానికి సమాధానం వెతుక్కోవాలి. ఎబెరాన్‌లో సమాధానం సిద్ధంగా ఉంది, దాని పేరు డ్రోఆమ్. బ్రెలాండ్ దేశానికి పడమటి సరిహద్దు అవతల, 987లో సోరా కెల్ పుత్రికలు అనే ముగ్గురు మంత్రగత్తెలు ఓగర్‌లు, నోల్‌లు, మినోటార్‌ల వంటి తెగలను కూడగట్టి నెలకొల్పిన రాజ్యం అది. థ్రోన్‌హోల్డ్ సంధి దాన్ని దేశంగా గుర్తించలేదు. కాబట్టి ఆ సరిహద్దులో కోట ఉండడం సహజం, ఆ కోటలో దుర్గపాలకుడు చివరి యుద్ధంలో పోరాడిన సైనికుడై ఉండడం మరీ సహజం. లోయలో ఉన్న తెగల్లో కొన్ని పుత్రికలకు లొంగినవి, కొన్ని లొంగనివి అని ఒక్క గీత గీస్తే చాలు, గుహల చిట్టా కాస్తా రాజకీయ పటం అవుతుంది. చీకటి ఆలయాన్ని భూగర్భ ఖైబర్‌ను కొలిచే ‘డ్రాగన్ బిలో’ ఆరాధకులకు అప్పగించవచ్చు. వారు ఇటు కోటకూ అటు పుత్రికలకూ శత్రువులే కనుక మూడో పక్షం కూడా దొరుకుతుంది.

ఇక్కడ నా అనుభవంలోని ఒక చిన్న ఘట్టం చెప్పాలి. మూల మాడ్యూల్‌లో గాబ్లిన్‌లు ఆపదలో పడితే, రహస్య ద్వారం గుండా పక్క గుహలోని ఓగర్‌కు 250 బంగారు నాణేల సంచి విసిరి సాయానికి పిలుచుకుంటారు. చాలామంది డీఎంలు దీన్ని ఒక పోరాటపు మలుపుగా ఆడించి వదిలేస్తారు. నేను ఆ నాణేలను ఎబెరాన్ బంగారు నాణేలైన గాలిఫార్‌లు చేశాను, సంచి మూతికి థరాష్క్ వంశపు ముద్ర వేశాను. డ్రోఆమ్ నుంచి ఓగర్‌లను, నోల్‌లను కూలి సైనికులుగా కుదిర్చే వ్యాపారం ఆ వంశానిదే. ఓగర్ పడిపోయాక మా బృందంలో అందరికంటే చిన్నవాడు సంచిని చేతిలోకి తీసుకొని ముద్ర వర్ణన మళ్లీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత అతనే, “అన్నా, ఈ గాబ్లిన్‌ల దగ్గర ఇంత డబ్బు ఎక్కడిది? దీనికి రసీదు ఎవరో రాసి ఉంటారు కదా?” అన్నాడు. ఆ రసీదు కోసం వెతుకుతూ ఆ బృందం తరువాతి ఆరు సెషన్లు నడిచింది. నేను మార్చింది ఒక సంచి మీది ముద్ర. ఆ ముద్ర వెనుక సెట్టింగ్ మొత్తం ఉంది కాబట్టి ఆ చిన్న మార్పు అంత బరువు మోసింది.

బీ2 విషయంలో దాటవేయలేని చిక్కు ఒకటుంది. గుహల్లో పోరాడని పిల్లలు కూడా ఉన్నారని మాడ్యూల్ లెక్కతో సహా చెబుతుంది. గాబ్లిన్ పాత్రను ఎంచుకొని ఆడుతున్న మనిషి మన బల్ల దగ్గరే ఉండగల సెట్టింగ్‌లో గుహలన్నీ ఊడ్చిపెట్టే ఆట కుదరదు, కుదరకూడదు కూడా. తెగల మధ్య పగలు ఉన్నాయనీ, తెలివైన ఆటగాళ్లు వాటిని వాడుకోవచ్చనీ మాడ్యూలే చెబుతుంది. ఆ భాగాన్నే ఆటకు వెన్నెముకగా తీసుకోండి. సంధి చేయడం, ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం, బందీల మార్పిడి, దారి సుంకం వంటివన్నీ ఎబెరాన్‌కు బాగా అతుకుతాయి. మీ బృందం వారాంతంలో రెండు గంటలు కత్తి తిప్పి సేద తీరాలని మాత్రమే కోరుకుంటే, బీ2ను ఎబెరాన్‌కు తేకండి, గ్రేహాక్ వంటి పాత ప్రపంచంలోనే ఆడించండి.

యూ1 నుంచి యూ3 వరకు: సాల్ట్‌మార్ష్

డేవ్ బ్రౌన్, డాన్ టర్న్‌బుల్ టీఎస్‌ఆర్ బ్రిటన్ శాఖ కోసం రాసిన ఈ మూడు మాడ్యూళ్లు 1981 నుంచి 1983 వరకు వరుసగా వచ్చాయి. మొదటి దానిలో సముద్రతీరపు కొండ అంచున దయ్యాల కొంప అని పేరుపడిన ఒక పాత ఇల్లు ఉంటుంది. దయ్యాలు నిజం కావు, దొంగరవాణా ముఠా జనాన్ని దూరంగా ఉంచడానికి కట్టిన నాటకం అది. ఆ ముఠా ఓడలో ఆయుధాలు దొరుకుతాయి, అవి చిత్తడి నేలల్లోని లిజర్డ్‌ఫోక్ (బల్లి రూపపు జాతి) కోసం వెళ్తున్నవి. రెండో మాడ్యూల్‌లో ఆటగాళ్లు ఆ లిజర్డ్‌ఫోక్ స్థావరానికి వెళ్తారు. వారు ఆయుధాలు కూడబెడుతున్నది ఊరి మీద దాడికి కాదనీ, సహువాగిన్‌లనే సముద్రపు జాతితో యుద్ధానికి అనీ అప్పుడు తెలుస్తుంది. ముందే కత్తి దూసిన బృందం తన పొరపాటుకు మూల్యం చెల్లించవలసి వస్తుంది.

జాతిని చూసి శత్రువని తీర్మానించవద్దు అన్న మాటను ఎబెరాన్ కంటే రెండు దశాబ్దాల ముందే ఈ మాడ్యూల్ ఆట రూపంలో చెప్పింది. అందుకే నాకు ఇదంటే ప్రత్యేకమైన అభిమానం. దీని దూలానికి కొత్త సెట్టింగ్‌లో ఒక్క మేకు కూడా అదనంగా కొట్టనక్కరలేదు. స్థలం కబారా. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన వలసదారులు అడవులు నరికి ఊళ్లు కట్టుకుంటున్న తూర్పు ప్రాంతం అది. డ్రాగన్‌షార్డ్‌లనే మంత్రశక్తి గల స్ఫటికాల కోసం భూమి తవ్వుతూ వారు లిజర్డ్‌ఫోక్ నేలల్లోకి చొచ్చుకుపోతుంటారు. దొంగరవాణా ఓడ లజార్ దీవుల నుంచి వస్తుంది, అక్కడి నావికులకు ఆ పని కొత్తేమీ కాదు. యుద్ధం ముగియడంతో మిగిలిపోయిన కత్తులు, బల్లేలు చౌకగా అమ్ముడుపోతున్నాయని చెబితే ఆయుధాలు ఎక్కడివన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికినట్టే. ఊరి పెద్దలు లిజర్డ్‌ఫోక్‌ను నమ్మకపోవడానికి మూలంలో భయం ఒక్కటే కారణం, కబారాలో దానికి భూమి తగాదా కూడా తోడవుతుంది. వచ్చి స్థిరపడినవారికీ మొదటి నుంచీ ఉన్నవారికీ మధ్య నేల ఎవరిదన్న వివాదం ఎంత లోతుగా పోతుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు.

మూడో మాడ్యూల్ దగ్గర మాత్రం నిర్ణయం తీసుకోవాలి. సహువాగిన్‌లు లిజర్డ్‌ఫోక్ నుంచి లాక్కున్న, నీటిలో మునిగిన కోట అది. ఎబెరాన్‌లో సహువాగిన్‌లది దక్షిణాన థండర్ సీ గర్భంలో ఉన్న సామ్రాజ్యం, ఓడలు వారితో ఒప్పందాలు చేసుకొనే రాకపోకలు సాగిస్తాయి. వారిని కేవలం దోపిడీ మూకగా చూపిస్తే మొదటి రెండు మాడ్యూళ్లు నేర్పిన పాఠాన్ని మూడోది చెరిపేస్తుంది. సామ్రాజ్యం నుంచి విడిపోయిన ఒక తిరుగుబాటు దండుగా వారిని చూపవచ్చు. వారి స్థానంలో కబారాలోనే ఉన్న, పాతాళపు దుష్టశక్తి ప్రభావానికి లోనైన పాయిజన్ డస్క్ తెగలను పెట్టడం మరో దారి. నేను రెండోది ఎంచుకున్నాను. కోట పటాన్ని అలాగే ఉంచి, సముద్రపు అడుగు నుంచి తీసి, చిత్తడిలో సగం కుంగిపోయిన శిథిలంగా మార్చాను. కింది అంతస్తుల్లో నీరు ఉంటుంది కనుక ఊపిరి లెక్కలూ, తడిసిన దీపాలూ పోలేదు.

ఐ6: రావెన్‌లాఫ్ట్ కోట

ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రాసిన 1983 నాటి ఈ మాడ్యూల్‌ను ఎబెరాన్‌కు తేవాలనగానే అందరి చూపూ కార్నాథ్ వైపు పోతుంది. చల్లని దేశం, సైన్యంలో శవాలు నడుస్తాయి, ‘బ్లడ్ ఆఫ్ వోల్’ మతం ఉంది. నేను దీనితో ఏకీభవించను. ఆ కోటను ఏలే రక్తపిశాచి స్ట్రాడ్ భయంకరుడు కావడానికి కారణం ఆ లోయలో అలాంటివాడు అతనొక్కడే కావడం, అక్కడి నుంచి బయటపడే దారి లేకపోవడం. శవాలు బారులు తీరి కవాతు చేసే దేశంలో, స్వయానా రాజే రక్తపిశాచి అన్న రహస్యం ఉన్న దేశంలో, మరో రక్తపిశాచి జమీందారు వల్ల కలిగే భయం పలుచబడిపోతుంది.

మంచి చోటు మోర్న్‌ల్యాండ్ అంచు. 994లో ఒక్కరోజులో నాశనమై మోర్న్‌ల్యాండ్‌గా మిగిలిన సైర్ దేశాన్ని ఇప్పటికీ చావు రంగు పొగమంచు చుట్టుముట్టి ఉంటుంది. స్ట్రాడ్ లోయ అయిన బరోవియాను మూసిన మంచు కోసం వేరే కారణం కల్పించనక్కరలేదు, అది అప్పటికే అక్కడ ఉంది. అయితే 2004 పుస్తకం ప్రకారం మోర్న్‌ల్యాండ్‌లో గాయాలు వాటంతట అవి మానవు, వైద్య మంత్రాలూ పనిచేయవు. ఆ నియమాన్ని యథాతథంగా పెడితే ఐదు నుంచి ఏడో స్థాయి పాత్రలకు కోట దాటడం అసాధ్యం అవుతుంది. లోయలో ఒక్క గుడి ఆవరణలో మాత్రం వైద్యం పనిచేస్తుందని పెట్టండి, ఆటగాళ్లు ఆ గుడిని ప్రాణంగా చూసుకుంటారు. చీటీలు చూసి జోస్యం చెప్పే సంచార జాతిని మూలంలో చిత్రించిన తీరు ఒక నిజమైన ప్రజల మీద మోపిన మూస ముద్ర కాబట్టి దాన్ని నేను పూర్తిగా తీసేస్తాను. ఇల్లు కోల్పోయిన సైర్ శరణార్థులను పెట్టండి, కానీ వారిని స్ట్రాడ్ బంటులుగా చేయకండి. చీటీల జోస్యాన్ని మాత్రం వదలకండి. కోటలో ఆయుధాలు ఎక్కడున్నాయో, స్ట్రాడ్ కోరిక ఏమిటో అదే నిర్ణయిస్తుంది, ఐ6 దూలం అదే.

ఎక్స్1, ఎస్1, ఎస్2

డేవిడ్ కుక్, టామ్ మోల్డ్‌వే 1981లో రాసిన ‘ది ఐల్ ఆఫ్ డ్రెడ్’ (ఎక్స్1) చూడగానే దక్షిణ ఖండం జెన్‌డ్రిక్‌కు సరిపోతుందనిపిస్తుంది. అడవి ఉంది, డైనోసార్లు ఉన్నాయి, మరచిపోయిన శిథిలాలు ఉన్నాయి. ఇదొక ఉచ్చు. తీరం మాత్రమే గీసి ఉన్న ఖాళీ పటాన్ని ఆటగాళ్లు తమ చేత్తో గడి గడిగా నింపుకోవడం ఈ మాడ్యూల్ ప్రాణం. జెన్‌డ్రిక్ మీద ‘యాత్రికుడి శాపం’ ఉంది, అక్కడ దూరాలూ దిక్కులూ నిలకడగా ఉండవు. నిన్న ఆరు గడులు నడిచిన చోటికి నేడు పన్నెండు పట్టవచ్చంటే పటం గీయడంలో ఆనందమే మిగలదు. శాపం సోకని ఒక దీవిగా జెన్‌డ్రిక్ తీరానికి అవతల పెట్టండి. ఒక్క వాక్యంతో సమస్య తీరిపోతుంది.

ఎస్1 అయిన ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ అనే సమాధికి చుట్టూ ఊరు లేదు, మనుషులు లేరు, కాబట్టి ఎక్కడైనా పెట్టవచ్చు. అంత సులువు కనుకనే దాన్ని ఎబెరాన్‌లో ఆడించడం వల్ల ఎబెరాన్‌కు గానీ సమాధికి గానీ కొత్తగా చేరేది ఏమీ ఉండదు. ఎస్2 అయిన ‘వైట్ ప్లూమ్ మౌంటెన్’ కాస్త మేలు. దొంగిలించిన మూడు ఆయుధాలను తిరిగి తెమ్మని వాటి యజమానులు బృందాన్ని పంపుతారు, ఆ యజమానుల్లో ఒకరిని మంత్రవస్తువులు తయారుచేసే కానిత్ వంశపు మనిషిని చేస్తే సరిపోతుంది.

ఈ కొలతనే మరో సెట్టింగ్‌కు పెడితే ఫలితం తలకిందులవుతుంది. 1991లో వచ్చిన డార్క్ సన్‌లో లోహం దొరకడమే కష్టం, గాబ్లిన్‌లూ ఆర్క్‌లూ లేనేలేరు, కాబట్టి నాణేల సంచులతో, ఆ తెగలతో నిండిన బీ2 అక్కడ నిలవదు.

అంకెల సంగతి

సంఖ్యలను మార్చడంలో కాలం వృథా చేయవద్దు. దెబ్బ తగలకుండా కాచే అంకె అయిన ఆర్మర్ క్లాస్ పాత నియమాల్లో తగ్గేకొద్దీ మెరుగు, 2000 నాటి మూడో ఎడిషన్ నుంచి పెరిగేకొద్దీ మెరుగు. బీ2, ఎక్స్1 వంటి బేసిక్ నియమాల మాడ్యూళ్లకు 19 నుంచి, అడ్వాన్స్‌డ్ నియమాల మాడ్యూళ్లకు 20 నుంచి పాత అంకెను తీసివేస్తే కొత్త అంకె వస్తుంది. పాత కోబోల్డ్ 7 కనుక 12 అవుతుంది, 2014 నాటి ఐదో ఎడిషన్ కోబోల్డ్‌కు కూడా 12 ఉంది. కానీ ఓగర్ చూడండి. పాత 5 మారిస్తే 14 అవుతుంది, ఐదో ఎడిషన్‌లో ఉన్నది 11. పాత ఓగర్‌కు సగటున 19 హిట్ పాయింట్లు (ప్రాణబలం), కొత్తదానికి 59. సూత్రంతో మార్చిన ఓగర్ తగలడానికి కష్టం, తగిలితే వెంటనే పడిపోతుంది. కాబట్టి జీవి పేరు మాత్రం తీసుకొని మీ ఎడిషన్ పుస్తకంలోని దాన్నే దింపండి, ఒక్కో గదిలో సంఖ్యను సగానికి తగ్గించండి.

నిధి విషయం వేరు. పాత నియమాల్లో గుహ నుంచి బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక అనుభవ పాయింటు వచ్చేది, అందుకే నిధులు అంత పెద్దవి. నాణేలకు పాయింట్లు ఇవ్వని ఎడిషన్‌లో అన్నీ అలాగే పంచితే నాలుగో సెషన్‌కే బృందం ధనవంతులవుతుంది. నేను నిధిలో మూడో వంతు నాణేలుగా ఉంచి, మిగతాది హుండీలు, రుణపత్రాలు, వంశాల ముద్రలున్న ఒప్పందాలుగా మారుస్తాను. ఎబెరాన్‌లో కాగితానికి బంగారమంత విలువ ఉంది, పైగా కాగితం మీద పేర్లు ఉంటాయి.

మూలప్రతి కొనాలా, కొత్త కూర్పు కొనాలా

పాత మాడ్యూళ్లలో చాలావరకు డీఎమ్స్ గిల్డ్ అనే వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. మన దేశంలో ఉన్నవారికి ఓడ రవాణా ఖర్చు లేని దారి అదే. కొత్త కూర్పుల్లో 2017 నాటి ‘టేల్స్ ఫ్రమ్ ది యానింగ్ పోర్టల్’లో ఎస్1, ఎస్2 ఉన్నాయి, 2019 నాటి ‘గోస్ట్స్ ఆఫ్ సాల్ట్‌మార్ష్’లో యూ1, యూ2, యూ3 మూడూ ఉన్నాయి. రెండింటిలోనూ ఏ మాడ్యూల్‌ను ఏ ప్రపంచంలో ఎక్కడ పెట్టవచ్చో చిన్న సూచనలు ఇచ్చారు. గుడ్‌మన్ గేమ్స్ 2018లో తెచ్చిన ‘ఇంటు ది బోర్డర్‌ల్యాండ్స్’లో బీ2 మూలపాఠం, ఐదో ఎడిషన్ రూపం పక్కపక్కనే ఉంటాయి.

సాల్ట్‌మార్ష్ వరుసకు కొత్త కూర్పే కొనండి, అంకెల పని పూర్తిగా తప్పుతుంది. బీ2కు మాత్రం మూలప్రతే కొనమంటాను. కొత్త కూర్పులో గదులు పెరిగాయి, వివరాలు పెరిగాయి, కానీ మనకు కావలసింది ఆ ఖాళీలే. దుర్గపాలకుడికి పేరు లేని ఆ పాత పేజీని ముందు పెట్టుకొని, అతను చివరి యుద్ధంలో ఏ కోటను కాపాడలేకపోయాడో అంచున పెన్సిల్‌తో రాసుకోండి. మొదటి సెషన్‌లో అతను ద్వారం దగ్గరకు వచ్చి బృందాన్ని ఆపినప్పుడు ఏ ప్రశ్న అడుగుతాడో ఆ ఒక్క వాక్యంలోంచే వస్తుంది.